చెరువు, చెత్త, మెట్రో: ఏ పనికి ఎవరితో చేతులు కలపాలి?

హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ కాలనీ సంక్షేమ సంఘం మీటింగ్‌లో చెరువో పార్కో చెత్తో చర్చకు వచ్చిందంటే, మాట చివరికి డబ్బు దగ్గరే ఆగుతుంది. కార్పొరేషన్‌ని అడుగుదామని కొందరంటారు. పక్కనే ఇన్ని కంపెనీలున్నాయి కదా, సీఎస్‌ఆర్ కింద, అంటే కంపెనీలు సామాజిక పనులకు పెట్టే డబ్బుతో చేయించుకుందామని కొందరంటారు. ఎవరినీ దేబిరించొద్దు, ఇంటికింత వేసుకుని మనమే చేసుకుందామనే వాళ్లూ ఉంటారు. ఈ దారులన్నీ మంచివే, కాకపోతే ఒక పనికి కుదిరిన దారి ఇంకో పనికి కుదరదు. ఏ పనికి ఏది నప్పుతుందో తేల్చుకోవాలంటే, మన దేశంలోని పెద్ద నగరాలు ఇప్పటికే చేసి చూసినవాటిని పక్కపక్కన పెట్టుకోవడం మేలు.

డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టొద్దు. కట్టడానికి డబ్బు ఎలాగోలా దొరుకుతుంది. శిలాఫలకం మీద పేరుంటుంది కాబట్టి ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఐదో ఏట మోటారు కాలిపోతే రీవైండింగ్ ఎవరు చేయిస్తారు? వాచ్‌మన్ జీతం ఎవరిస్తారు? కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది? ముందు వీటికి జవాబు కాగితం మీద రాయండి. అందులో ఎవరి పేరు వస్తే మీ అసలు భాగస్వామి వాళ్లే. ఎవరి పేరూ రాకపోతే పని ఇంకా మొదలుపెట్టొద్దు.

టికెట్టో టోలో వచ్చే పనులైతే

ప్రైవేటు కంపెనీ పెట్టుబడి పెట్టి, కట్టి, నడిపి, వసూళ్లలోంచి రాబట్టుకునే పీపీపీ పద్ధతి ఇలాంటి పనులకే. మన కళ్లెదుట ఉన్న ఉదాహరణ హైదరాబాద్ మెట్రో. 2008లో మొదట బిడ్ గెలిచిన మేటాస్, ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోకపోగా తానే 30,311 కోట్ల రూపాయలు ఎదురిస్తానంది. స్టేషన్లు, డిపోల దగ్గరి భూముల ఆదాయం మీద వేసుకున్న లెక్క అది. 2009 జనవరిలో, మేటాస్‌ను నడిపిన కుటుంబానిదే అయిన సత్యం కంప్యూటర్స్‌లో కుంభకోణం బయటపడ్డాక ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చేసరికి లెక్క తలకిందులైంది. ఈసారి ప్రభుత్వం వైపు నుంచే 1,458 కోట్లు గ్యాప్ ఫండింగ్ కింద, అంటే ప్రాజెక్టు లోటు పూడ్చడానికి ఇవ్వాల్సి వచ్చింది. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి, ఆ మరుసటి నెలే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి పడింది. చివరికి 2025 సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా ప్రాజెక్టును రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి, కంపెనీ తప్పుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది.

మెట్రో రావడం మంచిదే. ఆ 69 కిలోమీటర్లు లేని హైదరాబాద్‌ను ఇప్పుడు ఊహించుకోలేం. కానీ 'రిస్కంతా కంపెనీదే' అన్న మాటను ఎంతవరకు నమ్మాలో ఈ కథ చెబుతుంది. రైలు ఆగకూడదు కాబట్టి, కంపెనీ వల్ల కాకపోతే భారం తిరిగి మన పన్నుల మీదికే వస్తుంది. పైగా ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన పాతబస్తీ ముక్క అలైన్‌మెంట్ గొడవల్లో, ఆస్తుల సేకరణలో చిక్కుకుని ఆ దశలో పూర్తి కానే లేదు. టికెట్ ఆదాయం మీద నడిచే పద్ధతికి, చిక్కు ఎక్కువగా ఉన్న చోటును వెనక్కి నెట్టే గుణం ఉంటుంది.

ఔటర్ రింగ్ రోడ్డుది ఇంకో రకం. 158 కిలోమీటర్ల రోడ్డును ముందు ప్రభుత్వమే కట్టింది, వాహనాలు ఎన్ని తిరుగుతున్నాయో తెలిశాక 2023లో టోలు వసూలును 30 ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చింది. లెక్క తెలిసిన రోడ్డు కాబట్టి కంపెనీకి గుడ్డి పందెం కాదు. అయితే 30 ఏళ్ల ఆదాయం ఒక్కసారే చేతికొచ్చినప్పుడు ఆ డబ్బు దేనికి ఖర్చయిందో పౌరులు అడిగి తెలుసుకోవాలి.

ఇవి కాలనీ సంఘం చేతిలో ఉండే నిర్ణయాలు కావు. కానీ ఇదే పద్ధతి చిన్న రూపంలో మన వీధికీ వస్తుంది. పార్కింగ్, బస్ షెల్టర్, పబ్లిక్ టాయిలెట్, ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టిస్తాం, బదులుగా ప్రకటనల హక్కు ఇవ్వండంటారు. మెయిన్ రోడ్డు మీదైతే ఒప్పుకోండి. బస్తీ లోపలికి మాత్రం ఆ పద్ధతి రాదు, ఎందుకంటే అక్కడ హోర్డింగ్ చూసేవాళ్లు తక్కువ. లోపలి పనులకు కార్పొరేషన్ బడ్జెట్టే అడగాలి.

ఆదాయం రాని చెరువు సంగతి

అసలు చిక్కంతా ఇక్కడుంది. చెరువుకు టికెట్ పెట్టలేం, పెట్టకూడదు కూడా. బెంగళూరులో ఆ ప్రయత్నం జరిగింది. 2000 దశకం మధ్యలో హెబ్బాళ్ వంటి చెరువులను హోటల్, వినోద సంస్థలకు లీజుకిచ్చారు. బోటింగ్, ఫుడ్ కోర్టుల ఆదాయంతో చెరువు బాగుపడుతుందన్నది ఆలోచన. చెరువు మీద ఆధారపడ్డవాళ్లు గేటు బయట మిగిలిపోయారు. 2008లో పౌర సంస్థ ఒకటి హైకోర్టు మెట్లెక్కింది, ఆ పద్ధతికి అక్కడితో బ్రేక్ పడింది. మీ చెరువును ఎవరైనా లీజుకు అడిగితే, ఎంత ఇస్తామన్నా వద్దని చెప్పండి.

ఇక సీఎస్‌ఆర్ దత్తత. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తన ఆఫీసులున్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టమే చెబుతోంది. కాబట్టి గచ్చిబౌలిలోనో రుషికొండలోనో ఉన్న సంఘం వెళ్లి అడగడంలో మొహమాటం అక్కర్లేదు. చాలా సంఘాలకు తెలియనిది ఇంకోటుంది. కంపెనీ నేరుగా మీ సంఘం ఖాతాలో డబ్బు వేయడానికి వీల్లేదు. తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర సేవా సంస్థగా (12ఏ, 80జీ అని పిలిచే) రిజిస్ట్రేషన్లు, కేంద్రం దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు, కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. మామూలు కాలనీ సంఘానికి ఇవేవీ ఉండవు. అందుకే ఇవన్నీ ఉన్న స్వచ్ఛంద సంస్థను మధ్యలో పెట్టుకోవాలి, లేదా కంపెనీయే స్వయంగా పని చేయించాలి.

దుర్గం చెరువును రహేజా సంస్థ ఇలాగే సీఎస్‌ఆర్ కింద అభివృద్ధి చేసింది. వాకింగ్ ట్రాక్, లైట్లు వచ్చాయి, 2020లో కేబుల్ బ్రిడ్జి కూడా తోడై ఊరంతా అక్కడికే వెళ్లడం మొదలుపెట్టింది. గుర్రపుడెక్క, మురుగు వాసన ఫిర్యాదులు మాత్రం ఆ తర్వాత కూడా వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి. ఇది ఆ ఒక్క చెరువు కథ కాదు. దత్తతకు వచ్చిన కంపెనీ కంటికి కనిపించేది ముందు చేస్తుంది. చెరువు ఆరోగ్యం ఉండేది నీళ్లు లోపలికొచ్చే నాలా దగ్గర.

మా వైపు ఒక చెరువుంది. గట్టు మీద టైల్స్, గ్రానైట్ బెంచీలు, సోలార్ లైట్లు, రాత్రి వెలిగే అక్షరాలు, అన్నీ ఒక కంపెనీ పెట్టించింది. నాలా మురుగు చెరువులోకి రాకుండా ఒక గుంత తవ్వి, దానికి పంపు బిగించి, మురుగును పక్కనున్న సీవర్ లైన్‌లోకి మళ్లించారు. ప్రారంభోత్సవం నాటికి నీళ్లు నిజంగానే తేటగా ఉన్నాయి. ఆ పంపు కరెంటు బిల్లు ఎవరు కట్టాలో మాత్రం ఒప్పందంలో ఒక్క ముక్క లేదు. మా వంతు నిర్మాణం వరకేనంది కంపెనీ. మాకింకా అప్పగించలేదు కదా అన్నారు కార్పొరేషన్ ఆఫీసు వాళ్లు. పంపు ఆగింది, మురుగు గుంత నిండి చెరువులోకి పొర్లింది, మరుసటి వేసవికి నీటి మీద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంది. దాని కింద నీళ్లకు గాలి ఆడదు, చేపలు తేలిపోతాయి, సాయంత్రానికి దోమలు. బెంచీలు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు పెద్దలు.

దీనికి పక్కన బెంగళూరు సర్జాపూర్ రోడ్డులోని కైకొండ్రహళ్లి చెరువును పెట్టి చూడండి. డబ్బు పెట్టింది నగరపాలక సంస్థ. ఎలా ఉండాలో డిజైన్ దశ నుంచీ చెప్పింది చుట్టుపక్కల పౌరులు. పని పూర్తయ్యాక ఆ పౌరులే ట్రస్టుగా ఏర్పడి, పాలక సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని రోజువారీ చూసుకోవడం మొదలుపెట్టారు. కంపెనీల విరాళాలు ఆ తర్వాత నిర్వహణకు తోడయ్యాయి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస చూడండి. అక్కడ కంపెనీ మూడో స్థానంలో ఉంది. చెరువు విషయంలో నాకు నచ్చిన వరుస ఇదే. మన దగ్గర మణికొండ వైపు నెక్నాంపూర్ చెరువులో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ 2018లో నీటి మీద తేలే మొక్కల తెప్ప వేసింది. మొక్కల వేళ్లు నీటిలోని మురుగు పోషకాలను పీల్చుకుంటాయి, కరెంటుతో పని లేదు. ఎగువన మురుగు ఆగకపోతే తెప్ప ఒక్కటే చెరువును కాపాడలేదు. అయినా నిర్వహణ ఖర్చు తక్కువున్న పద్ధతిని ఎంచుకోవడం చాలా తెలివైన పని. డబ్బిచ్చేవాళ్లు మారిపోయినా అది నడుస్తుంది.

ఒప్పందం రాసేటప్పుడు సంఘం తరఫున ఒకరు కూర్చుని కొన్ని మాటలు పట్టుబట్టి రాయించాలి. కట్టడం ఖర్చు పక్కనే కనీసం ఐదేళ్ల నిర్వహణ ఖర్చు విడిగా చూపాలి. కరెంటు మీటరు ఎవరి పేరు మీదో తేల్చాలి. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే గీత), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ హద్దులు సర్వే చేసి రాళ్లు పాతాకే పని మొదలవ్వాలి, లేకపోతే ట్రాక్ పేరుతో చెరువే చిన్నదవుతుంది. అలుగు, తూము మూయకూడదు. చేపలు పట్టేవాళ్లు, గడ్డి కోసుకునేవాళ్లు, బతుకమ్మ వేసేవాళ్లు, వినాయకుణ్ణి నిమజ్జనం చేసేవాళ్లు ఎప్పుడు ఎటు నుంచి రావచ్చో ఉండాలి. కంపెనీ మధ్యలో తప్పుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, తర్వాత ఎవరు తీసుకుంటారో ఉండాలి. నీటి పరీక్ష ఫలితాలు గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలన్న షరతు చేర్చితే ఇంకా మంచిది.

చందాలు వేసుకుని చేసుకుంటే

మనకిది కొత్తేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో మొదలైన జన్మభూమిలో ప్రజల వాటా కలిపే పనులు చేశారు. నగర స్థాయిలో బలమైన ఉదాహరణ చెన్నై పక్కనున్న ఆలందూరు. 1996 తర్వాత అక్కడి మున్సిపాలిటీ అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వేయాలనుకున్నప్పుడు, అప్పటి చైర్మన్ ఆర్.ఎస్. భారతి ఇంటింటికీ తిరిగి ఒక్కో ఇంటి నుంచి 5,000 రూపాయల డిపాజిట్ అడిగారు. ఆ డబ్బును విడి ఖాతాలో ఉంచారు. కొంత అప్పు, కొంత గ్రాంటు, శుద్ధి కేంద్రానికి ప్రైవేటు పెట్టుబడి, ఇవన్నీ కలిసి పని అయింది. జనం డబ్బిచ్చారంటే కారణం స్పష్టం. అది ప్రతి ఇంటికీ విడివిడిగా దక్కే కనెక్షన్. సెప్టిక్ ట్యాంకు బాధ తీరుతుంది, ఇచ్చిన డబ్బు ఎక్కడుందో తెలుసు.

అహ్మదాబాద్‌లో 1990ల మధ్యలో మురికివాడల్లో ఇంకా కష్టమైన ప్రయోగం చేశారు. నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు కోసం ఒక్కో కుటుంబం 2,000 రూపాయల వాటా వేసుకుంది. మొదటి బస్తీలో అరవింద్ మిల్స్ చేయి కలిపింది, మిగతాది మున్సిపాలిటీ పెట్టుకుంది. పదేళ్ల పాటు ఖాళీ చేయించబోమని మున్సిపాలిటీ హామీ ఇచ్చింది. పేదవాళ్లు వాటా వేసుకోరన్నది తప్పుడు మాట. రేపు బుల్డోజర్ వస్తుందన్న భయమున్న చోట ఎవరు మాత్రం డబ్బు పెడతారు?

కాబట్టి ఇంటింటికీ దక్కే పనికి చందా బాగా నడుస్తుంది. అందరికీ కలిపి దక్కే పార్కుకు, చెరువుకు చందా అంటే మొదటి ఏడాది ఉత్సాహం, తర్వాత ఆరంభశూరత్వమే. కట్టినవాళ్లు కట్టనివాళ్లను పార్కులోకి రావొద్దనే దాకా వెళుతుంది కూడా. అది ఊరికి మంచిది కాదు.

చెత్త దగ్గర నాకు పుణె పద్ధతే నచ్చుతుంది

పుణెలో చెత్త ఏరుకునే మహిళలు 1993లోనే సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత 'స్వచ్ఛ్' అనే సహకార సంస్థకు పునాది అయింది. 2008లో నగరపాలక సంస్థ దానితో ఒప్పందం చేసుకుంది. వాళ్లు తోపుడు బండితో ఇంటి ముందుకొస్తారు, తడి చెత్త వేరుగా పొడి చెత్త వేరుగా తీసుకుంటారు, నెలకు ఇంత అని ఆ ఇంటివాళ్లే వాళ్ల చేతికిస్తారు. పొడి చెత్తలోంచి కాగితం, సీసాలు, అట్టలు ఏరి అమ్ముకున్న డబ్బు కూడా వాళ్లదే. అందుకే వేరు చేయని చెత్త ఇస్తే ఆమె అక్కడికక్కడే నిలదీస్తుంది, తన సంపాదన పోతుంది మరి. కోట్లు పెట్టి చేసే అవగాహన ప్రచారం కన్నా ఆ ఒక్క మాట బలంగా పనిచేస్తుంది. లోటు ఒకటుంది. గడువు తీరినప్పుడు ఒప్పందం పొడిగిస్తారో లేదోనన్న టెన్షన్ ఆ కార్మికులకు తప్పలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద యూజర్ ఛార్జీలు పెడితే జనం వాటికి 'చెత్త పన్ను' అని పేరు పెట్టేశారు. 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. పుణెలో ఇంటివాళ్లు రోజూ చూసే మనిషికి ఇస్తున్నారు, రాకపోతే అడగగలరు. ఇక్కడ అది ఇంకో పన్నుగా కనిపించింది. హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోవాళ్లకు కూడా ఇంటింటికీ నెల డబ్బులిస్తాం, అంటే సగం పుణె పద్ధతి మన దగ్గర ఇప్పటికే ఉంది. మీ సంఘం చేయగలిగింది ఆ ఆటో మనిషితో కూర్చుని సమయం, రేటు, తడి-పొడి నియమం మాట్లాడుకోవడం. కొత్త ఏజెన్సీని తెచ్చి ఆయన పొట్ట కొట్టడం కన్నా అది న్యాయం, ఖర్చూ తక్కువ.

కమిటీలో ఎవరు కూర్చుంటారు

ఢిల్లీలో 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం మొదలుపెట్టిన 'భాగీదారీ' కాలనీ సంఘాలను నేరుగా అధికారుల ముందు కూర్చోబెట్టింది. చాలా సమస్యలు అక్కడికక్కడే తేలాయి. అయితే గుర్తింపు ఉన్న కాలనీల ఇంటి యజమానులకే మైకు దొరికింది, అద్దెవాళ్లు, బస్తీవాళ్లు బయటే ఉండిపోయారు. బెంగళూరులో 1999లో ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ హయాంలో ఇన్ఫోసిస్ నందన్ నీలేకని నేతృత్వంలో ఏర్పడ్డ టాస్క్‌ఫోర్స్ ఆస్తిపన్ను స్వీయ మదింపు వంటి గట్టి పనుల్లో తోడుగా నిలిచింది. కానీ దానికి చట్టం అండ లేదు, 2004లో ప్రభుత్వం మారగానే అదీ ముగిసిపోయింది. సైబరాబాద్‌లో పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి 2006లో పెట్టుకున్న భద్రతా మండలి ఇప్పటికీ నడుస్తోంది. పని పరిధి చిన్నది, ఇద్దరికీ రోజూ అవసరమైనది కాబట్టి నిలబడిందని నా అభిప్రాయం.

వీటన్నిటికన్నా బలహీనంగా కనిపించేది వార్డు కమిటీ. 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలకు దాన్ని తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌కైతే కార్పొరేషన్ చట్టానికి చేసిన 2020 సవరణలో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరుల పేరుతో వార్డు స్థాయి కమిటీలు కూడా రాశారు. ఇవి చాలా చోట్ల మొక్కుబడిగానే ఉన్నాయి. అయినా నేను వీటివైపే మొగ్గుతాను, ఎందుకంటే ముఖ్యమంత్రి మారినా చట్టం అలాగే ఉంటుంది, సమావేశం ఎందుకు పెట్టలేదని అడిగే హక్కు ఉంటుంది. మీ కమిటీలో పక్క బస్తీ నుంచి కనీసం ఇద్దరిని, అద్దెకుండేవాళ్లలో ఒకరిని పెట్టుకోండి. నాలా పొంగితే ముందు మునిగేది వాళ్ల ఇళ్లే, నీరు ఎటు నుంచి ఎటు పోతుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

ఇప్పుడు మీ పని ఏదైతే అది చూసుకోండి. డ్రైనేజీ కనెక్షన్, సీసీ కెమెరాలు, ఇంటింటి చెత్త అయితే మీ వాటాతో మొదలుపెట్టండి. చెరువు, పార్కు, ఫుట్‌పాత్ అయితే కార్పొరేషన్ బడ్జెట్‌లో పద్దు పడేదాకా వెంటపడండి, కంపెనీని నిర్వహణకూ పరికరాలకూ మాత్రమే పిలవండి. బడి ప్రహరీ, బావి పునరుద్ధరణ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరికరాలు, ఇలా ఒక్కసారి చేస్తే అయిపోయే పనులకు సీఎస్‌ఆర్‌ను మించింది లేదు. ఏదైనా పని మీ ప్రాంతంలో ఇప్పటికే ప్రైవేటు చేతిలో ఉంటే, పది రూపాయల రుసుముతో ఆర్టీఐ పెట్టి ప్రభుత్వ కార్యాలయం నుంచి ఒప్పందం కాపీ తెప్పించుకోండి. అడుగుతున్నది కంపెనీని కాదు, సంతకం పెట్టిన ఆఫీసును. జవాబుకు 30 రోజులు గడువు.

సీఎస్‌ఆర్ అడగాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. ఏడాది బడ్జెట్ అప్పుడే తేలుతుంది, ఐదేళ్ల నిర్వహణ గురించి మాట్లాడే ఓపిక అవతలివాళ్లకు అప్పుడే ఉంటుంది. ఫిబ్రవరిలో వెళితే మార్చి 31లోపు ఖర్చు చూపించాలన్న హడావుడిలో ఉంటారు, డబ్బు త్వరగా వస్తుంది గానీ బెంచీల రూపంలో వస్తుంది. కార్పొరేషన్ బడ్జెట్ కసరత్తు చలికాలంలోనే మొదలవుతుంది. చెరువు పని ఉన్నవాళ్లు దసరా దాటగానే కార్పొరేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)తో కలిసి నాలా వెంబడి నడిచి, మురుగు ఎక్కడెక్కడ కలుస్తోందో గుర్తించి, ఎస్టిమేట్ వేయించుకుని ఉంటే సరైన సమయానికి చేతిలో కాగితం ఉంటుంది.